ఎర్రచందనం మళ్లీ నాటే ముందు రైతుతో మాట్లాడండి

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, లంకమల, వెలిగొండలు దాని పుట్టిల్లు. మన ఉదయగిరి, ఆత్మకూరు అడవులు ఆ వెలిగొండల అంచునే ఉన్నాయి. దుంగల దొంగలు నరికినంత నరికారు. 1995 నుంచే ఈ కలప అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం ఆంక్షలున్నాయి. ఐయూసీఎన్ 2018లో దీన్ని కాస్త తక్కువ ముప్పున్న జాబితాలోకి మార్చి, కొద్దికాలానికే మళ్లీ అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. కాబట్టి తిరిగి నాటాలన్న మాటతో మాకు పేచీ లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేత అన్న దగ్గరే పేచీ.

జాతీయ జీవవైవిధ్య సంస్థ 2025లో లక్ష ఎర్రచందనం మొక్కలు పెంచి రైతులకు ఇవ్వడానికి మన రాష్ట్ర జీవవైవిధ్య మండలికి 82 లక్షలు మంజూరు చేసింది. లెక్క వేస్తే మొక్కకు 82 రూపాయలు. నర్సరీ ఖర్చుకు ఇది సరిపోవచ్చు. నాటిన తర్వాత రెండు మూడు వేసవులు బిందెలతో నీళ్లు మోసేది ఎవరు? కంచె ఎవరు వేస్తారు? మొక్క చేతికిచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోతే బతికేది పదో పరకో.

పైగా పొలంలో నాటడం వేరు, కొండ మీద తిరిగి నిలబెట్టడం వేరు. ఈ రెంటినీ అధికారులు కలిపేస్తున్నారు. ఎర్రచందనానికి రాతి నేల, వాలు, తక్కువ వాన కావాలి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. సోమశిల కాలువ కింద తడి పెట్టి పెంచితే చెట్టు ఏపుగానే ఎదుగుతుంది, లోపల ఎర్రటి చేవ మాత్రం అంత తొందరగా కట్టదు. దానికి పాతికేళ్లు పైనే పడుతుంది. పొలంలో చెట్టు రైతు ఆదాయం కోసం, దాన్ని అడవి లెక్కలో రాసుకోకూడదు. అడవి కోసమైతే మర్రిపాడు, సీతారామపురం వైపు కొండవాలుల్లోనే నాటాలి. విత్తనం కూడా వెలిగొండల్లో నిలిచిన చెట్ల నుంచే, ఒకటి రెండు చెట్ల నుంచి కాకుండా వీలైనన్ని చెట్ల నుంచి తీయాలి. కాయ పెంకు గట్టిది, నానబెట్టనిదే సరిగా మొలవదు. ఈ పని మన ఊళ్ల మహిళా సంఘాలకు ఇస్తే నాలుగు కూలి డబ్బులైనా ఇక్కడే మిగులుతాయి.

రోడ్డుకో కాలువకో అడ్డొచ్చిన పెద్ద చెట్లను యంత్రంతో పెకలించి వేరేచోట పాతడం చూడటానికి బాగుంటుంది. రాళ్ల సందుల్లో వేళ్లు దిగిన చెట్టు అలా బతుకుతుందని మేం నమ్మం. ఆ ఖర్చు నారు మీద పెట్టండి.

కాలం కూడా చూడాలి. వన మహోత్సవం జూలై, ఆగస్టుల్లో వస్తుంది. మనకు గట్టి వాన పడేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పటిదాకా ఆగకుండా నాటిన మొక్క ఎండకే పోతుంది.

ఇక పొలంలో ఎర్రచందనం వేసిన రైతు మాటేమిటి? సొంత చెట్టు కొట్టాలన్నా, బండికెత్తాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. దొంగ దర్జాగా తిరుగుతుంటే పెంచినవాడు కాగితాలు పట్టుకుని తిరగాలి. సాగు చేసిన కలప ఎగుమతికి కేంద్రం 2019లోనే దారి తెరిచింది. 2023 నవంబరులో సైటిస్ సమీక్ష నుంచి మన దేశం బయటపడింది. అయినా చిన్న రైతుకు అమ్ముకునే చోటు లేదు. కలిగిరి, డీసీ పల్లి వేలం కేంద్రాల్లో పొగాకు ధర నచ్చినా నచ్చకపోయినా కళ్లముందు పలుకుతుంది. పట్టుబడిన దుంగలను సర్కారు ఈ-వేలంలో అమ్ముకుంటోంది, అదే వేలంలో రైతు కలపనూ ఎందుకు పెట్టకూడదు? జీవవైవిధ్య చట్టం కింద లాభాల పంపిణీ పేరుతో 198 మంది ఎర్రచందనం రైతులకు 3 కోట్లు అందడం మంచిదే. అందులో నెల్లూరు జిల్లావారూ ఉన్నారు. మిగతా రైతులకు ఆ దారి చెప్పేవారు మండలంలో ఒక్కరైనా ఉండాలి.

మరో మాట. ఎర్రచందనం ఒక్కటే చెట్టు కాదు. ఉదయగిరి చెక్క గరిటెలకు వాడే దేవదారి, బిక్కి కర్ర కూడా ఈ కొండలదే. నాటే జాబితాలో వాటికీ చోటివ్వాలి, గరిటెలు చేసేవాళ్లను అడిగి మరీ.

నాటిన బీటును మూసేస్తే గొర్రెలు ఎక్కడికి పోవాలి? ఏ కొండ ఎన్నేళ్లు మూస్తారో, ఈలోగా ఏ కొండ వదులుతారో కాపరులను కూర్చోబెట్టి గ్రామసభలో రాసుకోవాలి. వచ్చే వానకాలం మొక్కలు దిగేలోపే ఆ సభలు జరగాలని ఉదయగిరి, ఆత్మకూరు అటవీ అధికారులను మేం కోరుతున్నాం.