కరువును కరువనే అందాం

2016లో భారత వాతావరణ శాఖ దేశ వర్షాల లెక్కల్లోంచి ‘కరువు’ అనే మాటనే తీసేసింది. దాని చోట ‘లోటు సంవత్సరం’ అని పెట్టింది. మాట పోయింది, కరువు పోలేదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో 19 శాతం తగ్గినా కాగితం మీద ‘సాధారణ వర్షపాతమే’. చెనిక్కాయ ఊడలు దిగేటప్పుడు నెల రోజులు చినుకు లేకున్నా, కోత వేళ ఒక్క తుపాను వాన కురిస్తే లెక్క సరిపోతుంది. రైతుకు పశువుల మేతకు కట్టె కూడా దక్కదు.

ఇది మాటల పేచీ కాదు, డబ్బు సంగతి. 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం ‘తీవ్ర’ కరువైతేనే జాతీయ విపత్తు నిధి సాయం. ‘మధ్యస్థ’ కరువుకు లేదు. ఒక్క మాట మారితే మండలం మొత్తం నోటికాడి కూడు పోతుంది.

రైతు ఆత్మహత్యల్లోనూ ఇంతే. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి విచారిస్తారు. ‘కుటుంబ కలహాలు’ అని రాస్తే ఆ ఇంటికి పరిహారం లేదు. అప్పులోళ్లు రోజూ గడప తొక్కుతుంటే ఏ ఇంట్లో కలహం రాదు?

మనమూ ఆ మాటలే పలుకుతున్నాం. బ్యాంకు అప్పు తిరగరాస్తే ‘రెన్యువల్’ అంటాం. వడ్డీ కట్టను తెచ్చిన బయటి అప్పు మాట ఎత్తం.

సభ్యులకు మా మనవి: వాన లేని రోజులు తేదీలతో రాసిపెట్టుకోండి. పంచనామాలో, అర్జీలో అవే రాయించండి. మెత్తని మాటల కింద సంతకం పెట్టకండి.