తనంతట తానే కడిగే యంత్రానికి లెక్క ఎవరు చూడాలి?

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే రహదారి మీద, కంచికచర్లకు కాస్త ముందు పరిటాల వస్తుంది. ఒకప్పుడు అది వజ్రాల ఊరు. నిజాము ఉత్తర సర్కారులను ఇంగ్లీషువారికి వదులుకున్నప్పుడు కూడా గనులున్న పరిటాలను, చుట్టుపక్కల కొన్ని గ్రామాలను తనకే అట్టిపెట్టుకున్నాడు. కృష్ణాతీరంలోని ఆ వజ్రాల గనుల్లో పని ఎలా సాగేదో తెలుసా? గులకమట్టిని తవ్వి, నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, చేత్తో ఏరేవారు. విలువైన రాయి ఒక్కటైనా చేజారిపోకుండా పైన కాపలా ఉండేది.

విలువైన వస్తువును నీళ్ళతో కడిగే పని ఇంకొకటి ఉంది. అదే ఎక్స్-రే ఫిలిం కడగడం. ఇక్కడి విలువైన వస్తువు వెండి. ఈ పనిని ఇప్పుడు యంత్రం చేస్తుంది. ఒక పక్క ఫిలిం పెడితే ఒకటిన్నర నిమిషంలో రెండో పక్క నుంచి ఆరిపోయి వస్తుంది. చూడముచ్చటైన యంత్రమే. కాని 'తనంతట తానే' అన్న మాట వినగానే మనం నిశ్చింతగా ఉండిపోతాం. అది సరికాదని నా అభిప్రాయం. యంత్రం కడుగుతుంది, లెక్క చూడదు. ఆ లెక్క మనిషి చూడకపోతే ముందు రోగి నష్టపోతాడు, తరువాత ఏరు నష్టపోతుంది. ఎలాగో చూద్దాం.

ఫిలిం మీద ఏముంది?

మీ ఇంట్లో పాత ఎక్స్-రే ఫిలిం ఉంటే కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అందులో నల్లగా కనిపించేదంతా వెండే. వెండి తెల్లగా మెరవాలి కదా అని మీరు అడగవచ్చు. చాలా సన్నని రేణువులుగా ఉన్నప్పుడు వెండి నల్లగానే కనిపిస్తుంది.

పలుచని ప్లాస్టిక్ రేకుకు రెండు వైపులా జెలటిన్ పూత పూస్తారు. ఆ పూత నిండా వెండి బ్రోమైడు స్ఫటికాలు ఉంటాయి. ఫిలింను కాసెట్ అనే పెట్టెలో రెండు తెరల మధ్య ఉంచుతారు. శరీరంలోంచి దూసుకువచ్చిన ఎక్స్-కిరణాలు తగిలి తెరలు వెలుగుతాయి. ఆ వెలుగు పడిన స్ఫటికంలో కొద్దిపాటి వెండి పరమాణువులు విడివడతాయి. అప్పటికి కంటికి ఏమీ కనబడదు. దీనిని గుప్తబింబం అంటారు.

డెవలపరు అనే ద్రావణం ఆ కొద్ది పరమాణువులను ఆసరా చేసుకుని మొత్తం స్ఫటికాన్ని వెండిగా మారుస్తుంది. వెలుగు పడని స్ఫటికాల జోలికి అది పోకూడదు. కాని ఎక్కువసేపు ఉంచినా, బాగా వేడెక్కినా వాటినీ మార్చడం మొదలుపెడుతుంది. అప్పుడు ఫిలిం అంతా మసకబారుతుంది. తరువాత ఫిక్సరు అనే రెండో ద్రావణం, మిగిలిపోయిన వెండి బ్రోమైడును కరిగించి తనలోకి తీసుకుంటుంది. ఎముక కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది కనుక దాని నీడ పడిన చోట వెండి మిగలదు. అందుకే ఎముక తెల్లగా కనబడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి: ఫిలిం మీద తెల్లగా ఉన్న చోట ఉండవలసిన వెండి ఫిక్సరు తొట్టిలో ఉంది.

చీకటి గది నుంచి రోలర్ల దాకా

చేత్తో కడిగే రోజుల్లో చీకటి గదిలో ఎర్రదీపం వెలుతురులో ఈ పని జరిగేది. 20 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర డెవలపరులో 5 నిమిషాలు, ఒకసారి నీళ్ళలో ముంచి, ఫిక్సరులో సుమారు 10 నిమిషాలు, పారే నీటిలో మరో 20 నిమిషాలు. ఆ తరువాత ఆరబెట్టాలి. మన నందిగామ, జగ్గయ్యపేట ఎండల్లో 20 డిగ్రీల నీళ్ళు ఎక్కడివి? తొట్టి చుట్టూ ఉన్న నీళ్ళలో ఐసు వేసి చల్లబరచవలసి వచ్చేది. వేడికి జెలటిన్ మెత్తబడి ఫిలిం పాడయ్యేది. పైగా ఒకరు కడిగినట్లు ఇంకొకరు కడగరు. ఉదయం కడిగినట్లు, అలసిపోయాక సాయంత్రం కడగరు.

ఈ తేడాలు పోగొట్టడానికే యంత్రాలు వచ్చాయి. 1942లో అమెరికాలో పాకో కంపెనీ తయారుచేసిన యంత్రం ఫిలిములను కొక్కేలకు తగిలించి ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి మార్చేది. 1956లో కోడక్ కంపెనీ రోలర్ల యంత్రం తెచ్చింది. దానితో ఫిలిం ఆరు నిమిషాల్లో తయారయ్యేది. 1965 నాటికి ఆ పని 90 సెకన్లకు దిగింది.

రహస్యం వేడిలో ఉంది. యంత్రంలో డెవలపరు 33 నుంచి 35 డిగ్రీల దాకా ఉంటుంది. రసాయన చర్య వేడిలో త్వరగా జరుగుతుందని మీరు చదువుకున్నారు. మరి జెలటిన్ మెత్తబడదా? మెత్తబడకుండా డెవలపరులోనే గ్లూటరాల్డిహైడు అనే గట్టిపరచే పదార్థం కలుపుతారు. చెరకు మరలో గడ వెళ్ళినట్లు ఫిలిం రోలర్ల మధ్య డెవలపరులోకి, ఫిక్సరులోకి, నీళ్ళలోకి, చివరకు వేడిగాలిలోకి వెళుతుంది. తొట్టి మారినప్పుడల్లా రోలర్లు ద్రవాన్ని పిండేస్తాయి కనుక ఒక తొట్టిలోది ఇంకో తొట్టిలోకి ఎక్కువగా పోదు.

మొదటి లెక్క: రోగి తరఫున

ఫిలిం కడిగిన కొద్దీ డెవలపరు బలం తగ్గుతుంది. అందుకని ఫిలిం లోపలికి వెళ్ళేటప్పుడు యంత్రం దాని పొడవు పసిగట్టి, అందుకు తగినంత కొత్త ద్రావణం పంపుతో పోస్తుంది. ఇక భయమేముంది అనుకుంటాం. కాని రోజుకు నాలుగైదు ఫిలిములే వచ్చే చిన్న ఆసుపత్రి సంగతి ఆలోచించండి. ఫిలిం రాకపోయినా డెవలపరుకు గాలి తగులుతూనే ఉంటుంది. గాలిలోని ఆక్సిజను దానిని పాడుచేస్తుంది. యంత్రం మాత్రం ఫిలిం వస్తేనే కొత్త ద్రావణం పోస్తుంది. పని తక్కువైన చోటే డెవలపరు నీరసిస్తుందన్న మాట!

నీరసించిన డెవలపరులో ఫిలిం వెలవెలబోతుంది. అప్పుడు రెండు దారులు. ఒకటి, రోగికి మళ్ళీ ఎక్స్-రే తీయడం. అంటే అనవసరంగా ఇంకొకసారి కిరణాలు. రెండో దారి, ఇకముందు వచ్చే రోగులందరికీ కిరణాల మోతాదు కొంచెం పెంచడం. ఇది మొదటిదానికన్నా చెడ్డది. ఎందుకంటే ఫిలిం బాగానే వస్తుంది, తప్పు ఎవరికీ కనబడదు. తొట్టిలో ఉన్న లోపానికి రోగి శరీరం పరిహారం చెల్లిస్తుంది.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. రోజూ ఉదయం ఒక ఫిలిం ముక్క మీద మెట్లు మెట్లుగా తెలిసిన వెలుగు పడేలా చేసి, యంత్రంలో కడిగి, ఆ నలుపును కొలిచి, కాగితం మీద చుక్క పెట్టాలి. చుక్కలన్నీ ఒక గీత వెంట సాగితే సరే. కిందికో పైకో జారితే డెవలపరును, ఉష్ణోగ్రతను చూడాలి. రోలర్లను శుభ్రం చేయాలి. కాసేపటి పని. కాని మనిషి చేయవలసిన పని.

రెండో లెక్క: ఏటి తరఫున

ఫిక్సరు తొట్టిలో వెండి ఉందని చెప్పుకున్నాం. వాడేసిన ఫిక్సరును కాలువలో పారబోస్తే ఆ వెండి ఎక్కడికి పోతుంది? నందిగామ వైపు కాలువ మున్నేటికి, జగ్గయ్యపేట వైపు కాలువ పాలేటికి, రెండూ కృష్ణకు. వెండి అయానులు చేపలకు, నీటిని శుభ్రపరచే సూక్ష్మజీవులకు హాని చేస్తాయి. 2016లో వచ్చిన జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఈ ద్రావణాలను రసాయన వ్యర్థాలలో చేర్చాయి. అందులోని పనికివచ్చే పదార్థం తీసుకున్నాక, శుద్ధి చేసి గాని మురుగునీటిలో కలపకూడదని చెప్పాయి.

వెండిని వెనక్కు తీయడం మీ పాఠ్యపుస్తకంలోని రసాయన శాస్త్రమే. మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు వేస్తే దానిమీద రాగి పేరుకుంటుంది కదా? అలాగే ఫిక్సరును ఇనుప పీచు గుండా పంపితే ఇనుము కరిగి వెండి బయటపడుతుంది. రెండు ఎలక్ట్రోడులు పెట్టి విద్యుత్తు పంపితే కాథోడు మీద వెండి పూతగా చేరుతుంది. (ఇది ఆసుపత్రి వారు జాగ్రత్తలతో చేయవలసిన పని. ఇంట్లో ప్రయత్నించకండి.) చిన్న ఆసుపత్రికి ఇదొక అదనపు బరువు కాదా అంటే, ఆ బరువును కొంతైనా తీర్చడానికి వచ్చే వెండే ఉంది.

ఫిలింలే పోతున్నాయి కదా?

నిజమే. చాలా ఆసుపత్రుల్లో డిజిటల్ పద్ధతి వచ్చింది. ఫిలిం కడగడం కొన్ని చిన్న కేంద్రాల్లో, వెల్డింగు అతుకులను పరీక్షించే చోట్ల మిగిలింది. కాని లెక్క చూసే పని పోలేదు. మోతాదు ఎక్కువైతే పాత ఫిలిం నల్లగా మాడిపోయి తప్పును చూపేది. కంప్యూటరు ఆ బొమ్మను తనంతట తానే సరిదిద్ది అందంగా చూపుతుంది. కిరణాలు ఎక్కువ పడినా బొమ్మ బాగానే ఉంటుంది. తెర మీద ఒక మూలన మోతాదును తెలిపే సంఖ్య ఉంటుంది. దాన్ని చూసేవారు లేకపోతే మోతాదు మెల్లమెల్లగా పెరిగిపోతుంది. యంత్రం ఎంత తెలివైనదైతే దాని తప్పు అంత లోపల దాక్కుంటుంది.

అందువల్ల 'ఆటోమేటిక్' అనే మాట విన్నప్పుడల్లా మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులోకి ఏమేమి వెళుతున్నాయి? ఇందులోంచి ఏమేమి బయటకు పోతున్నాయి? మీలో కొందరు రేపు డాక్టర్లు, రేడియోగ్రాఫర్లు, ఇంజనీర్లు అవుతారు. అప్పుడు మీ ఉద్యోగం యంత్రం మీట నొక్కడంతో తీరిపోదు. వజ్రాలు కడిగిన చోట రాళ్ళకు కాపలా పెట్టడం మన పెద్దలకు తెలుసు. మనిషి ఆరోగ్యానికి, ఏటి నీటికి కాపలా పెట్టడం మీకు తెలియాలి.