తేనెకు పెట్టే పరీక్ష ఏమి అడుగుతున్నది?



తేనె స్వచ్ఛతను కనిపెట్టే చిట్కాలు మన పిల్లల ప్రాజెక్టు పుస్తకాలలో ఏటేటా కనిపిస్తూనే ఉన్నాయి. నీటిలో చుక్క వేస్తే చెదరక అడుగుకు దిగాలట. అగ్గిపుల్లను ముంచి గీస్తే వెలగాలట. కాగితంపై వేస్తే ఇంకరాదట. వీటిని విజ్ఞానశాస్త్రమని నేర్పడం ఇకనైనా మానుకోవాలని నా అభిప్రాయం. అవి తేల్చేది ద్రవం చిక్కగా ఉన్నదా, పలుచగా ఉన్నదా అన్న ఒక్క సంగతినే. చిక్కగా కాచిన చక్కెర పాకమూ నీటి అడుగుకే దిగుతుంది. ఇక చలికాలంలో గడ్డకట్టిన తేనెను కల్తీ అని పారవేసేవారున్నారు. గ్లూకోజు ఎక్కువగా ఉన్న స్వచ్ఛమైన తేనె గడ్డకట్టడం సహజమే.

మరి ప్రయోగశాలలో చక్కెరలను ఎట్లా గుర్తిస్తారు? అందుకు వాడే ముఖ్యమైన సాధనాలలో మాస్ స్పెక్ట్రోమీటరు ఒకటి. అది అణువులకు విద్యుదావేశం కలిగించి, వాటిని బరువును బట్టి వేరుచేసే యంత్రం. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గింజ దగ్గర పడుతుంది, పొట్టు దూరంగా పోతుంది కదా! అయస్కాంతాన్ని వాడే యంత్రంలోనూ ఇంచుమించు అంతే. తేలిక అయాను ఎక్కువగా వంగుతుంది, బరువైనది తక్కువగా వంగుతుంది.

అయితే తేనెలో ప్రధానమైన గ్లూకోజు, ఫ్రక్టోజు రెండింటి అణుభారమూ 180. తూకానికి రెండూ కవలలే. కనుక ముందుగా వాటిని ఒక సన్నని గొట్టం గుండా నడిపించి, వెనుకాముందులుగా వచ్చేట్లు వేరుచేసి, ఆ పిమ్మట తూచవలసి ఉంటుంది. అంత గొప్ప యంత్రమైనా ఒంటరిగా అన్నీ చెప్పలేదన్నది ఇక్కడ గ్రహించవలసిన మొదటి పాఠం.

రెండవ పాఠం ఇంకా ముఖ్యమైనది. తేనెలో సహజంగా ఉన్న చక్కెరనే బయటినుండి తెచ్చి కలిపితే, అణువును చూసి పోల్చుకోవడం ఎట్లా? దీనికి ఉపాయం కార్బన్‌లో దొరికింది. ప్రకృతిలోని కార్బన్‌లో దాదాపు 1.1 శాతం బరువైన కార్బన్-13. చెరకు, మొక్కజొన్న వంటి మొక్కల కిరణజన్య సంయోగక్రియ ఒక తీరు. తేనెటీగలు మకరందం తెచ్చే మొక్కలలో అత్యధిక భాగానిది వేరొక తీరు. అందుచేత చెరకు చక్కెరలో కార్బన్-13 పాలు కొంచెం ఎక్కువగా ఉంటుంది. తేనెను మండించి, వెలువడిన కార్బన్ డయాక్సైడులో 44, 45 భారాలున్న అణువుల నిష్పత్తిని కొలిస్తే ఆ తేడా బయటపడుతుంది. తేనెలోని మాంసకృత్తులను వేరుచేసి, వాటి నిష్పత్తితో పోల్చి చూసే పద్ధతిలో, చెరకు జాతి చక్కెర 7 శాతం దాటితే కల్తీగా లెక్కిస్తారు.

కాని వరి సంగతి ఏమిటి? వరి, గోధుమ మకరందపు మొక్కల తీరుకు చెందినవే. బియ్యపు పిండి నుండి తీసిన పాకం కలిపితే ఈ పరీక్ష దానిని పట్టలేదు. దానికి వేరే గుర్తులు వెదకాలి. ఆ గుర్తులను కూడా తొలగించి పాకం తయారుచేసేవారున్నారు. ప్రశ్నపత్రం ముందే తెలిసిన విద్యార్థికి మార్కులు రావడంలో వింత ఏమున్నది?

ఇది ఊహ కాదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ తన పరిశోధనను ప్రకటించింది. స్వచ్ఛమైన తేనెలో తామే 50 శాతం వరకు పాకం కలిపి పంపిన నమూనాలు సైతం నిర్ణీత పరీక్షలలో నెగ్గాయని తెలిపింది. జర్మనీలో ఎన్.ఎమ్.ఆర్. అనే మరొక పరీక్ష చేయించగా, 13 బ్రాండ్లలో 10 తప్పాయని వెల్లడించింది. కంపెనీలు ఆ ఆరోపణలను ఖండించాయి. వివాదం ఎట్లున్నా మనకు తేలేది ఒకటే: "ఉత్తీర్ణం" అన్న మాట ఏ ప్రశ్నకు జవాబో తెలియనిదే దానికి అర్థం లేదు.

"ఇన్ని లోతులు బడిపిల్లలకెందుకు?" అని కొందరు అడుగవచ్చును. యంత్రం లోపలి లెక్కలు వారికి అక్కరలేదు, నిజమే. కాని "కనబడలేదు" వేరు, "లేదు" వేరు అన్న వివేకం వారికి తప్పక కావాలి. రేపు రక్తపరీక్ష నివేదిక చదివినా, నీటి పరీక్ష ఫలితం చూసినా వారికి అక్కరకు వచ్చేది ఆ వివేకమే. అది లేని సమాజంలో కల్తీదారు లాభపడతాడు. నిజంగా తేనె పట్టేవాడు అదే ధరకు అమ్మలేక నష్టపోతాడు.

కావున మిత్రులారా, ఈ ప్రాజెక్టును రద్దు చేయనక్కరలేదు, తలక్రిందులు చేస్తే చాలు. పిల్లలచేత చక్కెర పాకం చిక్కగా కాయించండి. తేనెతో పాటు దానికీ అవే చిట్కాలు ప్రయోగించమనండి. పాకం నెగ్గినప్పుడు వారే అడుగుతారు, "మరి ఈ పరీక్ష దేనికి?" అని. తల్లిదండ్రులారా, సీసాపై "పరీక్షింపబడినది" అని ఉంటే ఏ పరీక్ష, దేనికోసం అని అమ్మేవారిని అడగండి. జవాబు రాకపోయినా, పక్కన నిలబడిన మీ బిడ్డ ఆ ప్రశ్నను నేర్చుకుంటుంది.