ధర చెప్పలేని చెప్పు

కొల్హాపూర్ బజారులో దుకాణదారు జత వెయ్యి రూపాయలంటే, ఆరొందలకిస్తావా అని అడగడం మామూలే. అదే తరహా చెప్పులకు ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా నిర్ణయించిన ధర సుమారు 800 యూరోలు. అంటే 80 వేల రూపాయల పైమాటే. అక్కడ బేరాల్లేవు.

ఈ కథ 2025 జూన్‌లో మిలన్ ఫ్యాషన్ ప్రదర్శనతో మొదలైంది. మోడళ్లు కొల్హాపురి చెప్పుల్లాంటివే తొడుక్కుని నడిచారు గానీ, వాటి పుట్టిల్లు భారతదేశమని సంస్థ చెప్పలేదు. విమర్శలు చెలరేగాక ఒప్పుకుంది. డిసెంబరుకల్లా మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ తోలు పరిశ్రమ సంస్థలతో ఒప్పందం కుదిరింది. ఈ రెండు రాష్ట్రాల్లోనే 2,000 జతలు తయారుచేయించి, 2026 ఫిబ్రవరి నుంచి 40 షోరూముల్లో, ఆన్‌లైన్‌లో అమ్మాలన్నది ప్రణాళిక.

ఎనభై రెట్ల తేడా తోలులో లేదు. మామూలు సరుకుకు ఖర్చు లెక్కగట్టి, లాభం కలిపి ధర పెడతారు. విలాస వస్తువుకు ధరే ముందు. ఆ ధరకు తగ్గ హంగులు తర్వాత. ఖరీదైనది కాబట్టే కొనేవాళ్లుంటారని అమెరికన్ ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే గమనించారు. అందుకే తక్కువ తయారుచేయడం, సొంత దుకాణాల్లోనే అమ్మడం, చవక చేయకపోవడం ఈ వ్యాపారానికి ప్రాణం. బ్రిటిష్ సంస్థ బర్బెరీ ఒకే ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల విలువైన సరుకును ధ్వంసం చేసిందని 2018లో బయటపడింది. విమర్శలు రావడంతో ఆ పద్ధతి మానేసింది. 2,000 జతలన్న అంకె కూడా అలాంటి ధరకు కాపలాయే.

విచిత్రమేమిటంటే, విలాస వస్తువుకు కావలసిన సరంజామా అంతా చర్మకార కుటుంబాల దగ్గర తరతరాలుగా ఉంది. తుమ్మ బెరడు, కరక్కాయలతో ఊనిన తోలు, తోలుదారంతోనే కుట్టు, రోజుల తరబడి చేతిపని. లేనిది ఒక్కటే: ధర కోసం ఆగగలిగే స్తోమత. ఈ వారం సరుకు అమ్మితేనే వచ్చే వారానికి తోలు. పక్కనే అదే పేరుతో యంత్రాల మీద చేసిన నకళ్లు. దుకాణం చూస్తే మరొకరిది.

మహారాష్ట్ర, కర్ణాటకల్లోని నాలుగేసి జిల్లాలకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది పేరును కాపాడుతుంది గానీ ధరను పెంచదు. ప్రాడా మీద కొందరు న్యాయవాదులు వేసిన ప్రజాహిత వ్యాజ్యాన్ని 2025 జులైలో బొంబాయి హైకోర్టు తోసిపుచ్చింది. గుర్తింపు హక్కుదారులే రావాలంది. ఆ హక్కులున్నవి చెప్పులు కుట్టేవారి చేతుల్లో కాదు, ప్రభుత్వ సంస్థల చేతుల్లో.

2,000 జతలూ అమ్ముడైతే వచ్చేది 16 లక్షల యూరోలు. ఇందులో కుట్టినవారికి దక్కేదెంతన్నదే అసలు ప్రశ్న. ఒప్పందంలో శిక్షణ కూడా ఉంది. మంచిదే. అయితే వారికి కొరవడింది నైపుణ్యం కాదు. పెట్టుబడి, సొంత దుకాణం, నకళ్ల మీద గట్టి నిఘా ప్రభుత్వాలు సమకూర్చగలిగినవే. ఆరొందలకిస్తావా అన్నవారికి ఇవ్వనని చెప్పగలిగిన రోజునే కొల్హాపురి చెప్పు ఖరీదైనట్టు.