తీర్పరిని బంధించరాదు

మొన్న హదీసు పాఠం నడుస్తుండగా ఒక విద్యార్థి తన సందేహాన్ని మా ముందుంచాడు: "ఉస్తాద్! ఇద్దరూ ఇష్టపడి ఇచ్చిపుచ్చుకున్నప్పుడు అన్యాయమెక్కడిది?"

నాటి పాఠం హజ్రత్ బిలాల్ (రజి) ఖర్జూరాలను గురించినది. ఆయన రెండు కొలతల నాసిరకం ఖర్జూరాలిచ్చి, ఒక కొలత మేలురకం తెచ్చారు. అది వడ్డీయేనని దైవప్రవక్త (స) వారించారు. ముందు నీ సరుకును అమ్ము, ఆ పైన మేలైనది కొనుక్కో అని మార్గం చూపారు.

ఇందులో మాకు తోచిన మర్మమొకటి ఉంది. ఒకటికి రెండన్న లెక్క సరైనదేనని చెప్పేదెవరు? సరుకును డబ్బుకు అమ్మితే దాని వెల నలుగురి ఎదుట తేలుతుంది. నేరుగా మార్చుకుంటే అవసరం ఎక్కువున్నవాడే నష్టపోవచ్చు.

హిజ్రీ 505 (క్రీ.శ. 1111)లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో దీనినే విశదీకరించారు. ఒకని వద్ద కుంకుమపువ్వు ఉంది, అతనికి ఒంటె కావాలి. ఒంటెకు ఎంత కుంకుమపువ్వు సరితూగుతుంది? అందుకే దీనారం, దిర్హం సరుకుల మధ్య తీర్పరులుగా నిలిచాయి. డబ్బు అద్దం వంటిది. తనకంటూ రంగు లేదు, అన్ని రంగులనూ చూపుతుంది. దానిని కూడబెట్టి దాచేవాడు న్యాయాధిపతిని చెరసాలలో వేసినవాడితో సమానమని వారి భావం.

1867లో వెలువడిన 'పెట్టుబడి' గ్రంథంలో కారల్ మార్క్స్ రెండు వరుసలను వేరుచేశాడు. రైతు ధాన్యం అమ్మి బట్ట కొంటే సరుకు, డబ్బు, సరుకు. వర్తకుడు లాభానికి కొని అమ్మితే డబ్బు, సరుకు, డబ్బు. వర్తకం ధర్మసమ్మతమే. వడ్డీలోనైతే నడుమనున్న సరుకు మాయమై, డబ్బే డబ్బును కంటుంది. తీర్పరి తానే సరుకైపోతాడు.

పాఠక సోదర సోదరీమణులారా! ఎరువు అప్పుగా తెచ్చుకున్న కౌలురైతు, పంటను ఆ వర్తకుడికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసి వస్తే, అతని ఇష్టాన్ని నిజమైన ఇష్టమనగలమా? మీలో అప్పిచ్చేవారుంటే అప్పును వేరుగా, అమ్మకాన్ని వేరుగా ఉంచండి. రైతును సంతలో ధర విచారించుకోనివ్వండి.

ఆ విద్యార్థికి మేమిచ్చిన జవాబు ఇదే: వెల తెలిసిన తరువాతి ఇష్టమే ఇష్టం.