మద్దెల నిజముగా ఓడైనప్పుడు

“ఆడలేక మద్దెల ఓడు” అను సామెత తెలుగునాట చిన్నపిల్లలకు సైతము తెలిసినదే. తన చేతగానితనమును పనిముట్టుపైకి నెట్టువానిని ఎగతాళి చేయుటకు ఇంతకు మించిన మాట లేదు. అయితే మద్దెల నిజముగానే ఓడైనప్పుడు ఏమి చేయవలెనో ఆ సామెత చెప్పదు. అట్టి సమయమున ఆడువానిని తప్పుపట్టుట అన్యాయము. వాద్యము నేర్చుకొను పిల్లల విషయమున ఈ అన్యాయము తరచుగా జరుగుచున్నది. జరుగుచున్నదని ఎవరును గుర్తింపకపోవుట మరింత విచారకరము.

వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు వానలు తక్కువైన మెట్టసీమలు. ఎండలు తీవ్రముగా నుండును. ఇట్టి ఊళ్ళలో ఒక బాలిక వీణ నేర్వవలెనని ముచ్చటపడినచో, ఆమె చేతికి వచ్చునది ఏ బంధువుల యింటనో ఏండ్ల తరబడి మూలపడియున్న వాద్యమే కావచ్చును. దాని తీగలు తుప్పుపట్టియుండును, మెట్లు ఒరిగియుండును, బిరడలు నిలువవు. బాలిక చెప్పినచోటనే వ్రేలుంచును గాని స్వరము పలుకవలసినట్లు పలుకదు. శ్రుతి తప్పుచున్నదని పెద్దలు మందలింతురు. కొన్ని నెలలు గడచునప్పటికి తనకు సంగీతము రాదను నమ్మకము ఆమెకు స్థిరపడును. లోపము ఆమె చెవిలో లేదు. వీణమీది మైనములో నున్నది.

మార్కాపురము పలకలకు పేరుపడిన ఊరు. గరుకుతేలిన పలకపై అక్షరములు దిద్దించి, వ్రాత కుదురుగా లేదని పిల్లవానిని దండించు ఉపాధ్యాయుడుండడు. ముందు పలక మార్పించును. ఈపాటి వివేకము వాద్యము విషయమునను చూపవలసియున్నది.

వీణ నిర్మాణమును కొంచెము పరిశీలించినచో సంగతి తేటపడును. వీణకు 24 మెట్లు. ఈ మెట్లను దండికి మేకులతో బిగింపరు; నల్లపొడి కలిపిన తేనెమైనపు కట్టలపై అమర్తురు. దీనినే మేళము కట్టుట యందురు. విజయనగర కాలమున రామామాత్యుడు 1550లో రచించిన ‘స్వరమేళకళానిధి’లో వీణమెట్ల అమరికను శాస్త్రీయముగా చర్చించెను. పదునేడవ శతాబ్ది ఆరంభమున తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలమున నేటి 24 మెట్ల మేళము స్థిరపడినదని సంప్రదాయము. ఒక రాజును, ఒక పండితుడును ఇంతగా శ్రద్ధవహించిన విషయము సామాన్యమైనది కాజాలదు.

మెట్టు చోటు ఎంత సున్నితమైనదో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. మ్రోగు తీగ పొడవు 80 సెంటీమీటర్లు అనుకొన్నచో, మొదటి మెట్టునకు కావలసిన ఎడము దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు. సరిగా సగము వద్ద, అనగా 40 సెంటీమీటర్ల వద్ద, పండ్రెండవ మెట్టు. అచట పై షడ్జము పలుకును. చిట్టచివరి రెండు మెట్ల నడుమ ఎడము సుమారు 12 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవి వేడికి మైనము మెత్తబడి అచట మెట్టు 3 మిల్లీమీటర్లు జరిగినచో, ఒక స్వరస్థానమునకును తరువాతి దానికిని గల దూరములో నాలుగవవంతు తప్పిపోవును. ఎంతటి సాధన చేసిన వ్రేలైనను ఆ మెట్టుమీద స్వరమును తిన్నగా పలికింపలేదు.

ఎత్తు తప్పినను ఇదే చిక్కు. తీగ మెట్టునకు మరీ ఎత్తుగా నున్నచో దానిని గట్టిగా అదుమవలసివచ్చును. అదిమినకొలది తీగ బిగిసి స్వరము హెచ్చును. మరీ దిగువగా నున్నచో తీగ పక్కమెట్టును తాకి గరగరలాడును. కుండపై తీగలను మోయు గుఱ్ఱమునకు లోహపు రేకు అతికింపబడియుండును. ఆ రేకునకు గల సన్నని వంపులోనే వీణనాదపు జీవమున్నది. ఏండ్ల వాడుకచే అచట గాడిపడినచో నాదము మొద్దుబారును. ఆ రేకును అరగదీసి వంపు తిరిగి తెచ్చుటకు నిపుణుని చేయి కావలెను.

కనుక నాదము బాగుపడవలెనన్నచో వ్యయమునకు ఒక వరుస కలదు. మొదట తీగలు మార్చవలెను. తుప్పుపట్టి అరిగిన తీగ ఎక్కడను సరియైన శ్రుతి నీయదు. ఇది అన్నిటికన్న చౌకైన పని, ఫలమెక్కువైన పని. తరువాత మేళము కట్టింపవలెను. అటుపిమ్మట గుఱ్ఱమును, బిరడలను సరిచేయింపవలెను. ఇవియన్నియు ముగిసినను నాదము తృప్తి నీయకున్నచో అప్పుడు మాత్రమే మేలైన భాగములనుగూర్చియు, క్రొత్త వాద్యమునుగూర్చియు తలపవలెను. లోకమున జరుగుచున్నది దీనికి విరుద్ధము. ఉన్నదానిని బాగుచేయింపక మూలపడవేసి, క్రొత్తదానికై అప్పుచేయువారు కొందరు. అప్పు పుట్టక ఆశ వదలుకొనువారు పెక్కుమంది.

నేడు కుఱ్ఱవాండ్రు మక్కువతో చేపట్టుచున్న గిటారు సంగతియు ఇంతే. దాని మెట్లు లోహపువే, కఱ్ఱలో దిగగొట్టినవి. అందుచే వీణమెట్లవలె జరుగవు. అయినను మెడ వంగును, మెట్లు అరుగును, తీగలు ఎత్తుతేలును. మెడలోని ఉక్కుకడ్డీని సవరించి, తలవద్ద తీగలు కూర్చుండు గాళ్ళను సరిచేసి, మెట్లను ఒకే మట్టమునకు రాచి, క్రొత్త తీగలు వేసినచో సామాన్యమైన గిటారు సైతము హాయిగా పలుకును. ఈ పని చేయింపక ఖరీదైన ఎముక వంతెనయు, క్రొత్త బిరడలును తగిలించుట పునాది కుంగిన యింటికి సున్నము వేయుటవంటిది.

భజనమందిరములలో వినవచ్చు హార్మోణియమునకును ఈ న్యాయమే వర్తించును. దాని ఇత్తడి నాలుకను కొనవద్ద గీకినచో స్వరము హెచ్చును; మొదలువద్ద గీకినచో తగ్గును. ఈ రహస్యమెరిగిన పనివాడు దుమ్ము తుడిచి, తిత్తి చిల్లులు మూసి, నాలుకలను శ్రుతిపరచిన పిదప వాద్యమునకు తిరిగి గొంతువచ్చును.

దీనికి ఒక ఆక్షేపణ కలదు: విద్వాంసుని చేతిలో ఎట్టి వాద్యమైనను పలుకును గదా అని. నిజమే. మెట్టు తప్పినచో విద్వాంసుడు తీగను లాగి సరిపుచ్చుకొనును. కాని ఏ స్వరమెచట నుండవలెనో అతని మనస్సులో ముందే కలదు. బాలునకు వాద్యమే కొలబద్ద. కొలబద్దయే తప్పైనచో వాడు తప్పునే ఒప్పని నేర్చును. ఆ చెవిని తిరుగదిద్దుట మెట్టును దిద్దుటకన్న కష్టము. మేలైన వాద్యము అలవాటుపడిన విద్వాంసునికన్న నేర్చుకొను బాలునికే ఎక్కువ అవసరము. సాధన స్థానమును ఏ మరమ్మతును ఆక్రమింపలేదు. అయితే సాధన వృథాపోకుండ కాపాడగలదు.

బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశపువారు ఒకే పనసమ్రానితో వీణలు తొలచుచు ఆ ఊరికి కీర్తి తెచ్చిరి. నూజివీడును వీణలకు పేరొందినదే. 1919లో మహారాజా సంగీత పాఠశాల వెలసిన విజయనగరమునకు బొబ్బిలి దూరము కాదు; వాద్యము చేయువాడును వాయించువాడును ఒకరికొకరు అందుబాటులో నుండిరి. వెలిగండ్లవంటి ఊరికి ఆ సౌకర్యము లేదు. గొల్లపల్లి వందల కిలోమీటర్ల దూరము.

దూరమును తగ్గించు ఉపాయము లేకపోలేదు. కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు పరిసరములలోని ఉన్నత పాఠశాలలును, భజనసమాజములును, సంగీతము నేర్పు ఉపాధ్యాయులును కలిసి, వేసవి ముగిసిన పిదప ఏటేట ఒకమారు వీణల పనివానిని దారిఖర్చు లిచ్చి రప్పించుకొనవచ్చును. అందరి వాద్యములను ఒకచోట చేర్చినచో ఒక్కొక్కరికి పడు వ్యయము స్వల్పము. ఆ పని పిల్లల కన్నులయెదుట జరుగవలెను. తీగపొడవులో భాగమును, స్వరమునకు గల సంబంధమును చూపుటకు భౌతికశాస్త్రోపాధ్యాయునకు ఇంతకన్న మంచి పాఠము దొరకదు. తీగ మార్చుట, వాద్యమును ఎండ తగులనిచోట నుంచుట వంటివి మొదటి సరళివరుసలతోపాటే నేర్పవలెను.

ఇందువలన మరియొక మేలు కలదు. మేళము కట్టు నేర్పు గ్రంథములలో నిలుచునది కాదు. చెవినుండి చేతికి, తండ్రినుండి కుమారునకు వచ్చునది. క్రొత్త వీణలు కొనువారు ఎప్పుడును కొందరే. పాతవీణలను బాగుచేయించువారు లేకపోయినచో ఆ చేతులకు ఏడాది పొడవునా పని యుండదు. పని లేని విద్య తరువాతి తరమునకు దిగదు. శాలువలు కప్పి సన్మానించుటకన్న పని కల్పించుట ఆ శిల్పులకు ఎక్కువ గౌరవము.

ఇకమీదట ఏ విద్యార్థియైనను శ్రుతి తప్పినప్పుడు ఉపాధ్యాయుడు ఒక్క క్షణమాగి ఆ వాద్యమును తన చేతిలోనికి తీసికొని మీటి చూడవలెను. మెట్టు సరిగా నున్నచో పిల్లవానిని దిద్దవచ్చును. లేనిచో ముందు మెట్టును దిద్దింపవలెను.