రెండు రోజుల మందుగుండు

బందరు కోటలో ఇప్పుడు మిగిలినవి శిథిలాలే. 1759లో ఆ కోట కోసమే ఇంగ్లిషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ తలపడ్డారు. కల్నల్ ఫోర్డ్ మచిలీపట్నాన్ని పట్టుకున్నాడంటూ పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. గోడలెక్కిన సిపాయిలు చరిత్రకు కనిపిస్తారు కానీ వాళ్ల తిండి, జీతం సంగతి ఎవరు చూశారో కనిపించదు. ఈ యుద్ధాన్ని నడిపించింది మాత్రం ఆ రెండే!

1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గర్లోని చందుర్తిలో ఫోర్డ్ గెలిచాడు. ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ బందరు చేరుకున్నాడు. వెంటనే తరిమితే సరిపోయేది. కానీ ఫోర్డ్ కదల్లేకపోయాడు. సైన్యం ఖర్చు భరిస్తానన్న విజయనగరం ఆనందరాజు డబ్బు దగ్గర నాన్చాడు. గెలిచిన సైన్యం చేతిలో చిల్లిగవ్వ లేక నెలన్నరకు పైగా గోదావరి సీమలోనే ఆగిపోయింది. ఆ వ్యవధి కాన్‌ఫ్లాన్‌కు అప్పనంగా దొరికింది.

మార్చి 6న ఫోర్డ్ కోట ముందుకొచ్చాడు. ఈలోగా మరో ఫ్రెంచి దళం రాజమండ్రిని తిరిగి పట్టుకుని వెనక దారి మూసేసింది. ఉత్తరాన్నించి డబ్బు వచ్చే తోవ లేదు. దోపిడీ వాటా కింద సిపాయిలకు రావలసిన సొమ్ము కూడా ఖర్చైపోయింది. కడుపు మండిన తెల్ల సిపాయిలు ఆయుధాలు పట్టుకుని వెళ్లిపోతామంటూ మొరాయించారు. కోటలో దొరికేదంతా మీకేనని ఫోర్డ్ బతిమాలి నిలబెట్టుకున్నాడు. ఇంకా పట్టుకోని కోటలోని సొమ్ముతో జీతాలన్నమాట! మరోవైపు నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు.

ఏప్రిల్ 7న పిడుగులాంటి కబురు... మందుగుండు ఇక రెండు రోజులకే వస్తుంది!

అంతే, ఫోర్డ్ ఆ రాత్రికే దాడికి దిగాడు. కోటకు ఓ పక్కన బాడవ. అటునుంచి ఎవరూ రాలేరని ఫ్రెంచివాళ్ల ధీమా. కొంతమందిని ఆ బురదలోంచే పంపి శత్రువు దృష్టి మళ్లించాడు. అసలు దళం మరోవైపు గండి పడిన బురుజు మీదికి ఎక్కింది. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్ లొంగిపోయాడు. పట్టుబడినవాళ్లు పట్టుకున్నవాళ్లకన్నా ఎక్కువ. దొరికిన ఫిరంగులు 120.

మే నెలలో సలాబత్ జంగ్ సంధి చేసుకుని బందరునీ చుట్టుపక్కల సీమనీ ఇంగ్లిషువాళ్లకు రాసిచ్చాడు. కాన్‌ఫ్లాన్‌కు సాయం పుదుచ్చేరి నుంచి రాకపోలేదు. సుమారు 300 మందితో రెండు ఓడలు బందరు రేవుకు వచ్చాయి. కోట పోయి అప్పటికి వారం!